లెక్క ఇచ్చి మన్ను తవ్వేది: పాలా కొండల్లో గులాబీ రాయి కథ

ఈసారి రాజులతోనో యుద్ధాలతోనో కాదు, మా చిన్నాయన అన్న ఒక మాటతో మొదలుపెడతాను.

మా చిన్నాయనది కర్నూలు జిల్లా, తుగ్గలి మండలం. వాన పడితే శనక్కాయ, పడకపోతే అప్పు. పోయినేడు మొదటిసారి అమెరికా వచ్చాడు, మా దగ్గర సాన్ డియాగోలో రెండు నెలలు ఉన్నాడు. బీచ్ చూపించా, జూ చూపించా. ఆయనకి ఏదీ పెద్దగా పట్టలేదు. ఒకరోజు ఫోన్లో ఏదో వెతుకుతుంటే కనబడింది. మా ఇంటి నుంచి గంట ప్రయాణంలో పాలా అనే ఊరు ఉంది, అక్కడ కొండల్లో రత్నాల గనులున్నాయి, ఫీజు కడితే మనం కూడా తవ్వుకోవచ్చు, దొరికింది మనమే ఉంచుకోవచ్చు అని. చిన్నాయనకి ఇది నచ్చుతుందనుకున్నా. ఎందుకనుకున్నానో చివర్లో చెప్తా.

కారులో పోతూ విషయం చెప్పా. ఫీజు ఎంత అని అడిగాడు, చెప్పా. మనసులో రూపాయల్లోకి మార్చుకున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అబ్బీ, నాకు అర్థం కాక అడుగుతా. లెక్క ఇచ్చి మన్ను తవ్వేదేందిరా? మన కాడ లెక్క వస్తాదని కదా తవ్వేది?"

మా సీమలో లెక్క అంటే డబ్బు. ఆ ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత కొన్ని నెలలు చదివాక దొరికింది. ఆ జవాబే ఈ ఎపిసోడ్.

ముందు అక్కడ ఏం చేస్తారో చెప్తా. సొరంగంలోకి మనల్ని పంపరు. లోపల తవ్వి బయటికి తెచ్చిన రాళ్లూ మట్టీ కలిపి ఒక గుట్ట పోసి ఉంటుంది. మన చేతికి ఒక పార, ఒక బకెట్ ఇస్తారు. గుట్టలోంచి మట్టి బకెట్‌లో నింపుకుని జల్లెడల దగ్గరికి మోసుకుపోవాలి. జల్లెడలు రెండు, ఒకదాని మీద ఒకటి. పైది పెద్ద కన్నులది, కిందది చిన్న కన్నులది. ముందు ఊరికే ఊపితే పొడి మట్టి రాలిపోతుంది. తర్వాత నీళ్ల తొట్టిలో ముంచి ఆడించాలి, మనవాళ్లు బియ్యం కడిగినట్టు. మట్టి కరిగిపోయి రాళ్లు తేలతాయి. వాటిని ఎండకి పెట్టి ఒక్కొక్కటీ చూసుకోవాలి. నాలుగు గంటల టైము ఇచ్చారు. మొదటి గంటలోనే నా నడుము పట్టేసింది.

జల్లెడలో ఎక్కువగా కనబడేవి పలుగురాయి, తెల్లటి ఫెల్డ్‌స్పార్, తళతళలాడే అభ్రకం. మనం చిన్నప్పుడు కాకిబంగారం అని పుస్తకాల్లో దాచుకునేవాళ్లం కదా, అదే. వాటి మధ్యలో నల్లగా, పెన్సిల్ ముక్కల్లా, పొడుగునా సన్నని గీతలతో కొన్ని ఉంటాయి. అవి నల్ల టూర్మలిన్. అందరూ మొదట వాటిని చూసి ఎగురుతారు, పది నిమిషాలయ్యాక విసిరేస్తారు, ఎందుకంటే బోలెడన్ని. వెతకాల్సింది గులాబీ రంగుది. లేకపోతే ఆకుపచ్చది. అదృష్టం బాగుంటే లోపల గులాబీ, చుట్టూ ఆకుపచ్చ ఉన్న ముక్క. అడ్డంగా కోస్తే అచ్చం పుచ్చకాయ ముక్కే, పేరు కూడా అదే, పుచ్చకాయ టూర్మలిన్.

ఇంతకీ ఈ రాయి ఏంటి? సుమారు పది కోట్ల ఏళ్ల కిందట ఈ ప్రాంతంలో భూమి లోపల కరిగిన శిల నెమ్మదిగా చల్లబడి గ్రానైట్ లాంటి రాళ్లుగా గట్టిపడింది. అన్నీ గట్టిపడ్డాక చివరికి కొంచెం రసం మిగులుతుంది. అందులో నీటి ఆవిరి ఎక్కువ. బోరాన్, లిథియం లాంటి, మామూలు రాళ్లలో ఇమడని మూలకాలన్నీ అందులోనే పోగవుతాయి. ఆ రసం చీలికల్లోకి దూరి, పెద్ద పెద్ద స్ఫటికాలుగా గట్టిపడుతుంది. అలాంటి రాతి పొరని పెగ్మటైట్ అంటారు. దాని మధ్యలో అక్కడక్కడా ఖాళీ గూళ్లు మిగులుతాయి. రాయి అడ్డం లేదు కాబట్టి ఆ గూళ్లలో స్ఫటికాలు స్వేచ్ఛగా పెరుగుతాయి. మాంగనీస్ చేరితే గులాబీ, ఇనుము బాగా చేరితే నలుపు. గని వాళ్లు వెతికేదంతా ఆ గూళ్ల కోసమే. గూడు తగిలిందా, డైనమైట్ పక్కన పెట్టి చెక్క పుల్లలతో బంకమట్టి గీకుతూ స్ఫటికాలని బయటికి తీస్తారు. ఇనుప పనిముట్టు తగిలితే విరిగిపోతాయి కదా. ఒక గూటికీ ఇంకో గూటికీ మధ్య నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. నెల్లూరు వైపు గూడూరు చుట్టుపక్కల అభ్రకం గనులు విన్నారు కదా, అవీ పెగ్మటైట్లే. అక్కడా నల్ల టూర్మలిన్ ఉంది.

పేరు మన పక్కదే. సింహళంలో తోరమల్లి అనే మాట ఉంది, రంగురాళ్లకి వాడేవాళ్లు. 1700ల మొదట్లో డచ్ వాళ్లు శ్రీలంక నుంచి ఈ రాళ్లని యూరప్‌కి పట్టుకుపోయారు. అక్కడ ఒక వింత గమనించారు. ఈ రాయిని వేడి చేస్తే బూడిదని లాక్కుంటుంది. డచ్ వాళ్లు దీనికి బూడిద లాగేది అని పేరే పెట్టారు, పొగగొట్టంలో బూడిద తీయడానికి వాడేవాళ్లట. 1756లో ఏపినస్ అనే శాస్త్రవేత్త ఇది విద్యుత్తు పని అని తేల్చాడు. 1880లో క్యూరీ అన్నదమ్ములు స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. వాళ్లు పరీక్షించిన స్ఫటికాల్లో టూర్మలిన్ కూడా ఒకటి. ఈ విద్యుత్తు కథ మీద ఒక ఎపిసోడ్ చేయొచ్చు. ఈరోజు వద్దు.

అమెరికాలో ఈ రాయి కథ కాలిఫోర్నియాలో మొదలవలేదు. దేశానికి ఆ చివర, మెయిన్ రాష్ట్రంలో, 1820లో మొదలైంది. ఎలైజా హామ్లిన్, ఎజెకియల్ హోమ్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు కొండ మీద తిరిగి ఇంటికి వస్తుంటే, వేళ్లతో సహా కూలిన చెట్టు మొదట్లో ఆకుపచ్చగా ఏదో మెరిసింది. తీసి చూస్తే స్ఫటికం. చీకటి పడుతోంది, రేపు పొద్దున్నే వద్దామనుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రి మంచు కురిసింది. కొండంతా కప్పేసింది. మళ్లీ వసంతం వచ్చేదాకా ఆ ఇద్దరూ ఆగాల్సి వచ్చింది! ఆ కొండనే ఇప్పుడు మౌంట్ మైకా అంటారు. తర్వాత అక్కడ తవ్విన హామ్లిన్ తమ్ముళ్లలో ఒకడు హానిబల్. లింకన్ దగ్గర వైస్ ప్రెసిడెంట్ అయింది అతనే.

ఆ మెయిన్ రాయినే ఒకదాన్ని 1876లో జార్జ్ కున్జ్ అనే కుర్రాడు న్యూయార్క్‌లో టిఫనీ కంపెనీకి అమ్మాడు. అతనికి అప్పుడు ఇరవై ఏళ్లు. వజ్రాలూ కెంపులూ పచ్చలూ తప్ప మిగతావి రాళ్లే కాదనుకునే రోజుల్లో, రంగురాళ్లకి కూడా విలువ ఉందని ఒప్పించినవాడు అతను. తర్వాత అదే కంపెనీలో రత్న నిపుణుడయ్యాడు. 1900ల మొదట్లో పాలా కొండల్లో లేత ఊదారంగు కొత్త రత్నం బయటపడితే దానికి అతని పేరే పెట్టారు, కున్జైట్ అని.

ఇక కాలిఫోర్నియాకి వద్దాం. 1800ల చివర్లో సాన్ డియాగో కౌంటీ కొండల్లో గులాబీ టూర్మలిన్ బయటపడింది. పాలాకి ఆగ్నేయంగా మెసా గ్రాండే అనే చోట అన్నిటికన్నా పెద్ద గని వచ్చింది. దాని పేరు వింటే నవ్వొస్తుంది, హిమాలయా గని. ఉన్నది కాలిఫోర్నియాలో, పేరు హిమాలయా. దాన్ని నడిపింది న్యూయార్క్ రత్నాల వ్యాపారి, జె. ఎల్. టానెన్‌బామ్. అక్కడి నుంచి గులాబీ రాయి టన్నుల లెక్కన బయటికి వచ్చింది. రత్నాలని క్యారెట్లలో తూస్తాం కదా, ఇక్కడ మాట టన్నులు.

అంత రాయి ఎవరు కొన్నారు? అమెరికా ఆడవాళ్లు కొంత కొన్నారు. కానీ అసలు గిరాకీ పసిఫిక్ సముద్రం అవతల ఉంది. చైనాలో.

చైనాలో అప్పుడు చింగ్ వంశం పాలన. చిన్న రాజుల వెనక కూర్చుని అధికారమంతా చేతిలో పెట్టుకున్నది రాజమాత సిషీ. ఆమెకి గులాబీ టూర్మలిన్ అంటే ప్రాణం. ఈ కథని నెట్‌లో ఎక్కడ చూసినా ఒకేలా చెప్తారు: సిషీ అడిగింది, కాలిఫోర్నియా తవ్వింది, సిషీ చచ్చిపోయింది, గని మూతపడింది, అయిపోయింది. మొదట నేనూ ఇదే నమ్మా. కానీ తారీఖులు పక్కపక్కన రాసుకుని చూస్తే పొసగదు.

సిషీ చనిపోయింది 1908 నవంబర్ 15న. చైనా మార్కెట్ పూర్తిగా కూలింది 1911, 1912లో. మధ్యలో మూడేళ్లు ఎవరు కొన్నట్టు?

జవాబు టోపీల్లో ఉంది. చింగ్ దర్బారులో అధికారులు తొమ్మిది తరగతులు. ఎవరు ఏ తరగతో దూరం నుంచే తెలియడానికి టోపీ కొసన ఒక గుండు పెట్టుకునేవాళ్లు. ఒక్కో తరగతికి ఒక్కో రాయి, ఒక్కో రంగు. మొదటి తరగతికి మెరిసే ఎర్ర రాయి. అసలు కెంపు ఉండాలి, కానీ అంత పెద్ద కెంపులు ఎక్కడ దొరుకుతాయి? ఎర్ర టూర్మలిన్ ఆ పని చేసేది. ఇంకా దర్బారు హారాలు, నశ్యం సీసాల మూతలు, చెక్కిన బొమ్మలు. టూర్మలిన్‌కి చైనా భాషలో సొంత పేరే ఉంది, బిషీ అని. అంటే ఒక ముసలావిడ మోజు కాదండీ ఇది. ఒక మొత్తం సర్కారీ వ్యవస్థ, దాని మీద బతికే చెక్కుడు పనివాళ్ల వీధులు, పెద్దవాళ్లని చూసి కొనే డబ్బున్నవాళ్లు. సిషీ అందులో అందరికన్నా పైన ఉన్న మనిషి, అంతే.

1911 అక్టోబర్‌లో విప్లవం వచ్చింది. 1912 ఫిబ్రవరి 12న ఆరేళ్ల పూయీ గద్దె దిగాడు. దర్బారు లేదు, తొమ్మిది తరగతులు లేవు, టోపీ లేదు, టోపీ మీద గుండు అసలే లేదు. ఇక ఎర్ర రాయి ఎందుకు? నా లెక్కలో హిమాలయా గనిని మూసింది సిషీ చావు కాదు, ఆ టోపీ పోవడం.

కాలిఫోర్నియా కొండ మీద గూళ్లు ఉన్నట్టే ఉన్నాయి. రాయి రంగు పోలేదు. మొన్న పొద్దున టన్నుల్లో పంపిన సరుకు, ఈరోజు ఎవరికీ అక్కర్లేదు. పార పట్టుకుని సొరంగంలో ఉన్నవాడికి బీజింగ్‌లో ఏం జరుగుతుందో ఎలా తెలుస్తుంది చెప్పండి? పని లేదని చెప్పిన రోజు తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో విషయం చెప్పకుండా ముందుకి పోలేను. రాయి ఇటు నుంచి అటు పోతున్న అదే రోజుల్లో, మనుషులు అటు నుంచి ఇటు రావడం మీద నిషేధం ఉంది. 1882లో అమెరికా ఒక చట్టం చేసింది. చైనా కూలీలు ఈ దేశంలోకి రాకూడదని. ముందు పదేళ్లకి అన్నారు. 1892లో ఇంకో పదేళ్లు పొడిగించారు. దాంతోపాటు ఇక్కడున్న చైనా కూలీలు ఎప్పుడూ గుర్తింపు కాగితం దగ్గర పెట్టుకోవాలన్నారు. 1902లో గడువు అనే మాటే తీసేశారు. అంటే హిమాలయా గని జోరు మీదున్న కాలమూ ఇదే. కాలిఫోర్నియాలో రైలు దారులు వేసి, పొలాలు బాగుచేసి, బట్టలుతికి బతికిన చైనావాళ్లు ఆ చట్టం కింద ఉన్నారు. వాళ్ల రాజమాతకి మాత్రం ఇక్కడి నుంచి పెట్టెల్లో రాళ్లు పోతున్నాయి. 1905లో చైనాలో జనం ఊరుకోలేదు, ఈ చట్టానికి నిరసనగా అమెరికా సరుకు కొనొద్దని పెద్ద బహిష్కరణ నడిపారు. మన స్వదేశీ ఉద్యమం, విదేశీ బట్టల బహిష్కరణ మొదలైంది కూడా ఆ ఏడాదే, గుర్తుందా? ఆ అమెరికా చట్టం 1943 దాకా ఉంది.

ఇక మూడోది. ఇది చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు కూర్చున్నా.

మేము పాలా వెళ్లినప్పుడు ఊళ్లో పాత చర్చి చూశాం. 1816 నాటిది, గంట స్తంభం చర్చికి ఆనుకోకుండా విడిగా నిలబడి ఉంటుంది. పక్కనే శ్మశానం. ఊరు మొత్తం ఆదివాసుల రిజర్వేషన్. ఆ ఊళ్లో ఉన్న చాలా కుటుంబాలు అసలు ఆ ఊరివాళ్లు కాదు. కుపెన్యో అనే తెగ వాళ్లు. వాళ్ల సొంత ఊరు కూపా. పాలా నుంచి దాదాపు 40 మైళ్ల దూరంలో, వేడినీటి ఊటల దగ్గర. ఇప్పుడు దాన్ని వార్నర్ స్ప్రింగ్స్ అంటారు. తరతరాలుగా వాళ్లక్కడే ఉన్నారు. ఆ నేల అంతా తమదేనని కాగితాలు పట్టుకుని భూస్వాములు వచ్చారు. వాళ్లలో కాలిఫోర్నియా మాజీ గవర్నర్ డౌనీ కూడా ఉన్నాడు. కేసు ఏళ్ల తరబడి నడిచింది, సుప్రీం కోర్టు దాకా పోయింది. 1901లో కోర్టు చెప్పింది: మీరు టైముకి మీ హక్కు నమోదు చేసుకోలేదు, కాబట్టి మీకు హక్కు లేదు. దేశం చేతులు మారి కొత్త సర్కారు వచ్చినప్పుడు పెట్టిన గడువు అది. ఆ గడువు ఉందని వాళ్లకి ఎవరు చెప్పారు?

1903 మే 12న బండ్లు వచ్చాయి. సామాను ఎక్కించుకుని, ముసలివాళ్లనీ పిల్లల్నీ ఎక్కించుకుని, పూర్వీకుల సమాధులు వెనక వదిలేసి బయల్దేరారు. మూడు రోజుల ప్రయాణం. పాలా చేరేసరికి వాళ్లకి ఇళ్లు లేవు, డేరాల్లో ఉండాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ ఏడాది గుర్తుపెట్టుకోండి. 1903. కున్జైట్‌కి కున్జ్ పేరు పెట్టిన ఏడాది. వాళ్లు డేరాలు వేసుకున్న లోయకి పైన ఉన్న కొండల్లోనే ఆ రత్నం బయటపడింది. కింద డేరాలు, పైన గనులు. రెండూ ఒకే లోయ, ఒకే వేసవి. రత్నాల మీద పుస్తకాల్లో 1903 అంటే కున్జైట్. కుపెన్యోల ఇళ్లలో 1903 అంటే ఊరు పోయిన ఏడాది. ఇప్పటికీ ఏటా మే నెలలో పాలాలో కూపా పేరు మీద పండగ చేస్తారు.

ఈ విషయం నాకు ఆ రోజు తెలీదు. తెలిసుంటే చిన్నాయనకి చెప్పేవాణ్ణి. ఆయన నేల పోవడం అంటే ఏంటో తెలిసిన మనిషి.

సరే, 1912 తర్వాత ఏమైంది? గనులు చాలావరకు మూలపడ్డాయి. దశాబ్దాల పాటు అక్కడక్కడా ఎవరో ఒకరు గీకుతూ వచ్చారు. 1950ల్లో హిమాలయా గని మళ్లీ కదిలింది, 1970ల చివర్లో ఇంకోసారి. ఈసారి కొన్నది దర్బారు కాదు, మ్యూజియంలూ సేకరణ పిచ్చి ఉన్నవాళ్లూ. చెక్కడానికి కాదు, స్ఫటికాన్ని ఉన్నదున్నట్టు అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి. 1972లో పాలాలోని టూర్మలిన్ క్వీన్ గనిలో ఒక గూడు దొరికింది. గులాబీ స్ఫటికాలు, కొసన నీలం టోపీ. అందులో ఒకటి, దీపస్తంభం ఆకారంలో ఉన్నది, ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఫోటో వెతికి చూడండి, నా మాట కన్నా అదే నయం.

కానీ అలాంటి గూడు ఎప్పుడో ఒకసారి. మధ్యలో సొరంగం తవ్వడానికి మందుగుండు కావాలి, మిషన్లు కావాలి, కూలీ ఇవ్వాలి, ఇన్సూరెన్స్ కట్టాలి. తవ్విన రాయి గుట్టలుగా పడుతుంది. అందులో చిన్నా చితకా ముక్కలు మిగులుతాయి. వాటిని ఏరడానికి జీతం ఇచ్చి మనిషిని పెడితే గిట్టదు. అదే పని చేయడానికి మనలాంటి వాళ్లు ఆదివారం పూట పిల్లల్ని వేసుకుని, టోపీ పెట్టుకుని, డబ్బులు కట్టి మరీ వస్తే? హిమాలయా గని మట్టిని కొన్నేళ్ల పాటు హెన్షా చెరువు దగ్గరికి తెచ్చి పోసేవాళ్లు, జనం జల్లెడ పట్టడానికి. పాలాలో కొండ దగ్గరే పెట్టారు. చిన్నాయన ప్రశ్నకి జవాబు ఇదన్నమాట. ఒకప్పుడు ఆ గనిలో రాయికి గిరాకీ. ఇప్పుడు రాయితో పాటు వెతకడానికి కూడా గిరాకీ. ఇందులో మోసం ఏమీ లేదండీ. మా పక్కన ఒక చిన్నపిల్ల గోరంత గులాబీ ముక్క దొరికిందని ఎంత కేక వేసిందో! ఆ కేకకి ఫీజు తక్కువే.

మరి చిన్నాయన? మొదటి అరగంట మాతో జల్లెడ పట్టాడు. తర్వాత వదిలేసి లేచాడు. విసుగొచ్చిందేమో అనుకున్నా. చూస్తే, గుట్ట పక్కన బకెట్లు మోసి మోసి అందరూ తొక్కిన దారిలో, ఎండని వెనక పెట్టుకుని, నడుము వంచి, చాలా నెమ్మదిగా నడుస్తున్నాడు. అడుగు వేస్తాడు, ఆగుతాడు, తల కొంచెం పక్కకి తిప్పుతాడు. జొన్నగిరి నడక అది.

మీలో రాయలసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి: తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, అటు అనంతపురం వైపు వజ్రకరూరు పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. వాన పైమట్టిని కడిగేస్తుంది, లోపల ఉన్న రాయి పైకి తేలుతుంది, పొద్దుటెండలో మెరుస్తుంది అని. నిజంగానే దొరుకుతాయి. వజ్రకరూరు దగ్గర వజ్రాలని పైకి తెచ్చిన కింబర్లైట్ అనే రాతి గొట్టాలు భూమిలో ఉన్నాయి. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో జనం వస్తారు. చెట్ల కింద, గుళ్లలో పడుకుంటారు. కూలీ పని వదులుకుని వస్తారు, అంటే వాళ్లు కట్టే ఫీజు అది. కొనేవాళ్లు కూడా ఊళ్లోనే కాచుకుని ఉంటారు.

చిన్నాయనా చిన్నమ్మా మూడు సీజన్లు వెతికారు. మూడో ఏడు ఆయనకి ఒకటి దొరికింది, కందిగింజ అంత. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, కానీ ఆయన నోటితో నేను విన్నది ఆ రోజు పాలా నుంచి తిరిగొస్తూ కారులోనే.

"రాత్రికి రాత్రి పోయినా. ఒకాయన ఉన్న్యాడు కొనేటోడు. గుడ్డ మీద పెట్టి చూసినాడు, అద్దం పెట్టి చూసినాడు. లోపల మచ్చ ఉందన్న్యాడు. ఉందేమో, నాకేం తెలుసు? ఇంత ఇస్తా, ఇష్టముంటే ఈ, లేకుంటే పో అన్న్యాడు. ఎవరికన్నా చూపిచ్చుదామంటే భయం, నలుగురికీ తెలిస్తే ఇంటికొస్తారని. ఇచ్చింది తీసుకున్న్యా. ఆ లెక్కతోనే బోరు వేయించినా."

"నీళ్లు పడినాయా చిన్నాయనా?"

"యాడ పడతాయబ్బీ."

తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. హైవే మీద ఇద్దరం ఊరికే కూర్చున్నాం.

పాలాలో ఆయనకి కూడా ఒకటి దొరికింది. జల్లెడ లేకుండా, తొట్టి లేకుండా, తొక్కిన దారిలో. చిటికెనవేలి గోరంత గులాబీ ముక్క, ఒక పక్క విరిగి ఉంది, మిగతా పక్క గీతలు చక్కగా కనిపిస్తున్నాయి. నేను నాలుగు గంటలు నడుము విరగ్గొట్టుకుంటే గుప్పెడు నల్లవి, రెండు వెలిసిన ఆకుపచ్చ పలుకులు. అక్కడ పనిచేసే అతను వచ్చి చూసి మెచ్చుకున్నాడు. చిన్నాయన నా చేత అడిగించాడు, ఇది ఎంత చేస్తుంది అని. అతను అరచేతిలో పెట్టుకుని, ఎండకి ఎత్తి, తిప్పి తిప్పి చూసి, ఉంగరానికి పనికిరాదు, లోపల పగుళ్లున్నాయి, గుర్తుగా ఉంచుకోవడానికి బాగుంటుంది, అమ్మితే మహా అయితే కొన్ని డాలర్లు అని ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను తెలుగులో చెప్పా. చిన్నాయన నవ్వాడు. "అయితే ఫీజు గూడా రాలే" అన్నాడు. రుమాల్లో మూట కట్టి జేబులో పెట్టుకున్నాడు. దారి పొడుగునా రెండు మూడు సార్లు తీసి చూసుకున్నాడు.

మొన్న ఫోన్ చేస్తే చిన్నమ్మ దాన్ని కుంకుమ భరిణెలో పెట్టిందని చెప్పాడు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు వచ్చి చూశారట. ఒకతను ధర అడిగాడట కూడా. నువ్వేం చెప్పావని అడిగా. "లోపల మచ్చ ఉందని చెప్పినా" అన్నాడు. ఈసారి మొదటి వాన మేలోనే పడేట్టుంది, పడితే జొన్నగిరి దిక్కు పోతామని అన్నాడు, చిన్నమ్మ కూడా వస్తుందట.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.